పరుల నేలమీద సొంత ఇల్లు

పల్లెలో కొత్తవాడు కనబడినచో మన పెద్దలు మొదట అడుగు ప్రశ్న, "ఏ ఊరు నాయనా, ఎవరి ఇల్లు?" అని. ఊరును ఇల్లును తెలిసిన పిదపనే మనిషి తెలిసినట్లు. ఇల్లు అనగా నాలుగు గోడలు మాత్రమే కాదు. పిలిచినప్పుడు పలుకుటకు ఒక చోటు, ఉత్తరము చేరుటకు ఒక చిరునామా, గడప దాటి ఎవరు లోనికి రావలెనో నిర్ణయించుకొనుటకు ఒక అధికారము. గత ముప్పది యేండ్లకు పైగా మనుష్యులు ఇటువంటి ఇండ్లను నేలమీదనే గాక మరియొక తావున గూడ కట్టుకొనుచున్నారు. ఆ తావునకు వెబ్ అని పేరు. అచటి ఇంటిలో గోడలకు బదులు అక్షరములు, పటములు, పాటలు ఉండును. ఈ ప్రసంగములో ఆ ఇండ్ల కథ కొంత చెప్పుకొందము. ఇది యంత్రముల చరిత్ర కాదు. నేల ఎవరిది, ఇల్లు ఎవరిది అను పాత తగవు కొత్త చోట నడచిన చరిత్ర.

స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దున జెనీవా నగరము చెంత సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ కలదు. అచట పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్ లీ అను ఆంగ్లేయుడు 1989 మార్చి నెలలో ఒక ప్రతిపాదన వ్రాసి పై అధికారికి సమర్పించెను. వేర్వేరు కంప్యూటర్లలో చిందరవందరగా పడియున్న పత్రములను ఒకదానితో నొకటి ముడివేసి, ఎచట కూర్చున్నవారైనను చదువుకొనునట్లు చేయవలెనన్నది దాని సారాంశము. 1990 సంవత్సరాంతమునకు మొదటి సర్వరు పనిచేయసాగినది. సర్వరు అనగా అడిగినవారికి పుటను అందించుటకై రాత్రింబవళ్లు మేలుకొని యుండు కంప్యూటరు. దానిని ఎవరైన పొరపాటున ఆర్పుదురేమో యని ఎర్ర సిరాతో హెచ్చరిక వ్రాసిన చీటీ నొకదానిని దానిపై అతికించినారు. ఆ తొలిదినములలో ఆ ఒక్క యంత్రము ఆరినచో వెబ్ అంతయు ఆరినట్లే. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకొందము. వెబ్‌లోని ఏ ఇల్లయినను ఎచటనో ఒకచోట ఎవరో ఆర్పకుండ కాపాడుచున్న దీపమే. ఆ దీపము ఎవరి చేతిలో నున్నదన్నదే మన కథ.

బెర్నర్స్ లీ మొదట తయారుచేసిన సాధనములో ఒక విశేషము కలదు. దానితో పుటలను చదువవచ్చును, వ్రాయవచ్చును గూడ. చదువరియు రచయితయు ఒక్కడే యన్నది ఆయన భావము. 1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్ సంస్థ ఈ వెబ్ సాధన సామగ్రిని ఎవ్వరైనను పైకము చెల్లింపకయే వాడుకొనవచ్చునని ప్రకటించినది. ఊరిబావి వంటి దానము అది. అదే యేట అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా మొదలగువారు మొజాయిక్ అను బ్రౌజరును వెలువరించినారు. అక్షరముల నడుమనే బొమ్మలను చూపు ఆ సాధనము వలన వెబ్ సామాన్యజనులకు చేరువైనది. కాని దానితో చదువుట యేగాని వ్రాయుట కుదరదు. వ్రాయదలచినవాడు వేరుగా విద్య నేర్చి, వేరుగా చోటు సంపాదించుకొనవలసి వచ్చినది. చదువరి ఒకడు, చోటుగలవాడు మరియొకడు అను భేదమునకు బీజము అచటనే పడినదని మాకు తోచుచున్నది.

తొలినాళ్లలో చోటు ఎవరికి ఉండెను? విశ్వవిద్యాలయములలోని వారికి. కళాశాల కంప్యూటరులో ప్రతి విద్యార్థికి ఒక అర కేటాయించెడివారు. ఆ అర చిరునామాలో విద్యార్థి పేరునకు ముందు టిల్డ అను వంకర గీత యొకటి ఉండెడిది. కంప్యూటరు భాషలో ఆ గీతకు 'ఫలానావాని ఇల్లు' అని అర్థము. స్వార్త్‌మోర్ కళాశాల విద్యార్థి జస్టిన్ హాల్ 1994 జనవరిలో ఆరంభించిన సొంత పుటలు ఆనాటి ఇండ్లలో మిక్కిలి ప్రసిద్ధములు. తన చదువు, తన స్నేహితులు, తన దుఃఖములు, అన్నియు దాచకుండ ఆయన అందు వ్రాసికొనెను. అయితే ఈ ఇండ్లు విద్యార్థి వసతిగృహములోని గదుల వంటివి. చదువు ముగిసి పట్టా చేతికి వచ్చిననాడు గది తాళము తిరిగి ఇచ్చివేయవలెను. ఎందరి వ్రాతలో ఆ విధముగ వారి చదువుతోపాటే ముగిసిపోయినవి.

మరి కళాశాల గడప త్రొక్కనివారి మాట యేమి? ఈ ప్రశ్నకు 1994 నవంబరులో కాలిఫోర్నియా రాష్ట్రమున డేవిడ్ బోనెట్, జాన్ రెజ్నర్ అనువారు ఒక సమాధానము కనిపెట్టినారు. మొదట బెవర్లీ హిల్స్ ఇంటర్నెట్ అని పేరుపెట్టుకొనిన వారి సంస్థ మరుసటి యేడు జియోసిటీస్ అను పేరు దాల్చినది. ఎవరైనను రండి, ఉచితముగ స్థలము ఇచ్చెదము, ఇల్లు కట్టుకొనుడు అని వారు పిలిచినారు. ఆ స్థలమును పేటలుగ విభజించినారు. సినిమాల వారికి హాలీవుడ్, చదువుల వారికి ఏథెన్స్, కంప్యూటర్ల వారికి సిలికాన్ వ్యాలీ, విచిత్ర కల్పనల వారికి ఏరియా 51, ఇల్లు పిల్లలు సంసారముల ముచ్చట్లకు హార్ట్‌లాండ్. పేటలో ఖాళీగనున్న నంబరును ఎంచుకొనినచో అదే మన ఇంటి నంబరు. ప్రక్క ఇంటిలో ఎవరున్నారో తొంగిచూడవచ్చును. పేటకు కొందరు పెద్దలు స్వచ్ఛందముగ నిలిచి, కొత్తగ వచ్చినవారికి ఇల్లు కట్టుట నేర్పెడివారు. అచట చేరినవారిని హోమ్‌స్టెడర్లు అనిరి. అమెరికాలో 1862 నాటి చట్టము ప్రకారము బీడు భూమిలో నివాసముండి సేద్యము చేసినవారికి ఆ భూమి సొంతమయ్యెడిది. ఆ సేద్యగాండ్ర పేరే ఇది. పేరు బాగున్నది. కాని అసలు హోమ్‌స్టెడరుకు అయిదేండ్లు గడచిన పిదప భూమి దక్కెను. ఈ హోమ్‌స్టెడరుకు ఎన్నేండ్లు గడచినను దక్కదు. ఆ భేదమును నాడు గమనించినవారు తక్కువ.

ఈ ఇండ్లను చూచి చదువుకొన్నవారు కొందరు నవ్విరి. మెరయు నక్షత్రములు, కదలు బొమ్మలు, ముదురు రంగులపై ముదురు అక్షరములు, 'ఇంకను కట్టుచున్నాము' అని సూచించు పార పట్టిన మనిషి బొమ్మ. కాని ఒక్క క్షణము ఆలోచింపుడు. పండుగనాడు మన గృహిణి వాకిట ముగ్గు పెట్టునప్పుడు ఏ చిత్రకళాశాల అనుమతి అడిగెను? ఆ పుటలలో ఒకరు చనిపోయిన బిడ్డను తలచుకొని వ్రాసినారు, ఒకరు తమ కుక్కపిల్ల బొమ్మ పెట్టినారు, ఒకరు తమ ఊరి చరిత్ర కూర్చినారు. అంతవరకు అచ్చులో అక్షరము చూచుకొనుటకు పత్రికాసంపాదకుని దయ కొరకు వేచియుండిన సామాన్యుడు తన మాటను తానే ప్రకటించుకొనెను. ఆ మేలును తక్కువచేసి చెప్పరాదు. ఉచిత స్థలమే లేకున్నచో వారిలో అనేకులు ఎన్నడును వ్రాసియుండరు.

1999 నాటికి జియోసిటీస్ వెబ్‌లో అత్యధిక జనులు సందర్శించు తావులలో ఒకటైనది. ఆ యేడు జనవరిలో యాహూ సంస్థ సుమారు 357 కోట్ల డాలర్ల విలువగల వాటాలిచ్చి దానిని కొనుటకు ఒప్పందము చేసికొనినది. జనులు ఇండ్లు కట్టిరి, విలువ పెరిగెను, విలువ నేలగలవానికి చేరెను. కొనుగోలు ముగిసిన కొద్దివారములకే కొత్త యజమాని కొత్త నిబంధనలు ప్రకటించినది. వాటి ప్రకారము నివాసులు తమ పుటలలో నుంచిన వ్రాతలను, చిత్రములను తన ఇష్టము వచ్చినట్లు శాశ్వతముగ వాడుకొనుటకు సంస్థకు హక్కు ఉండును. నివాసులు ఉలికిపడినారు. కొందరు తమ పుటలను తొలగించుకొనిరి. కొందరు నిరసనగా రంగులన్నియు తీసివేసి, తమ ఇండ్లను బూడిదవర్ణపు పాడుకొంపలుగ మార్చిరి. ఈ అలజడికి వెరచి సంస్థ కొలది దినములలోనే నిబంధనలను సవరించి, వ్రాతలు వ్రాసినవారివే యని ఒప్పుకొనినది. ఆనాడు కౌలుదార్లు గెలిచిరి. కాని గెలిచినది వ్రాతపై హక్కు మాత్రమే. నేలపై హక్కు అట్లే ఉండిపోయినది.

దాని ఫలితము పదేండ్లకు తెలిసినది. 2009 ఏప్రిల్‌లో యాహూ జియోసిటీస్‌ను మూసివేయనున్నట్లు తెలిపి, అక్టోబరు 26వ తేదీన మూసివేసినది. జపాను దేశపు శాఖ మాత్రము 2019 మార్చి 31 వరకు నిలిచినది. మూతపడునాటికి అందు కనీసము 3.8 కోట్ల పుటలు ఉండెనని అంచనా. ఇండ్లు కట్టినవారిలో పలువురు అప్పటికే చిరునామాలు మారినవారు, తాళపుచెవి వంటి రహస్యపదమును మరచినవారు, మరణించినవారు. వారికి నోటీసు అందునది ఎట్లు? జేసన్ స్కాట్ మొదలగు ఉత్సాహవంతులు ఆర్కైవ్ టీమ్ అను పేర జట్టుగూడి, గడువులోపల చేతికందినన్ని పుటలను నకలు తీసినారు. వరద వచ్చునప్పుడు దొరికిన తాళపత్రములను గంపలకెత్తుకొని మెరకకు చేర్చినట్లు. 2010లో వారు వెలువరించిన ఆ మూట 600 గిగాబైట్లకు మించినది. ఓల్యా ల్యాలినా, డ్రాగన్ ఎస్పెన్‌షీడ్ అను కళాకారులిద్దరు దానిని విప్పి, యేండ్ల తరబడి పరిశీలించి, ఆనాటి సామాన్యుని అభిరుచి యేమో లోకమునకు చూపించిరి. నవ్వినవారే ఇపుడు అధ్యయనము చేయుచున్నారు.

ఇక రెండవ మార్గము. ఉచిత స్థలమును గాక సొంత పేరును సంపాదించుకొనుట. ఇంటర్నెట్‌లోని ప్రతి కంప్యూటరుకు ఒక సంఖ్య ఉండును. సంఖ్యలను జ్ఞాపకముంచుకొనుట కష్టము గనుక పేర్లు కల్పించినారు. మొదట ఆ పేర్ల జాబితా అంతయు కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషి పర్యవేక్షణలో ఒకే దస్త్రముగ నుండెడిది. కంప్యూటర్లు పెరుగగా కరణము ఒక్కరే ఊరంతటి లెక్క వ్రాయలేని స్థితి వచ్చినది. 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ నామపద్ధతిని రూపొందించెను. దాని యందు ఒక్కొక్క శాఖ తన క్రింది పేర్ల లెక్కను తానే చూచుకొనును. డాట్ కామ్ అను కొసతో మొదటి పేరు 1985 మార్చి 15న సింబాలిక్స్ అను కంపెనీ పేర నమోదైనది. ఈ పేర్లు, సంఖ్యల వ్యవహారమును చాలకాలము నమ్మకముగ నడిపినవాడు జాన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు. 1995 సెప్టెంబరు వరకు పేరు నమోదునకు రుసుము లేదు. పిమ్మట రెండేండ్లకు 100 డాలర్లు నిర్ణయించినారు. 1998లో ఈ పెత్తనము కొరకు ఐకాన్ అను సంస్థ ఏర్పడినది. ఆ యేడు అక్టోబరులోనే పోస్టెల్ మరణించెను.

ఈ పేరు నిజముగా మన సొంతమా? కాదనియే చెప్పవలెను. ఒక మారు పదేండ్లకు మించి దానిని నమోదు చేసికొనుటకు వీలులేదు. గడువు తీరిన పిమ్మట రుసుము కట్టనిచో మరియొకడు తీసికొనవచ్చును. మన దేశచరిత్రలో దీనికి చక్కని పోలిక కలదు. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగ నుండిన థామస్ మన్రో పేరుతో ముడిపడిన రైత్వారీ పద్ధతిలో రైతు పేరనే పట్టా ఉండెను. శిస్తు చెల్లించునంతకాలము అతనిని ఆ చేనినుండి తొలగింపరాదు. శిస్తు బరువు సంగతి వేరు. జమీందారీ ప్రాంతపు రైతునకో, నడుమ నొక దొర. దొరకు కోపము వచ్చినను, దొర ఎస్టేటు చేతులు మారినను రైతు గుండె దడదడలాడెడిది. సొంత పేరుగల వెబ్ నివాసి రైత్వారీ పట్టాదారు. ఉచిత స్థలములోని నివాసి జమీందారు గ్రామములోని కౌలుదారు. ఇద్దరికిని సంపూర్ణ స్వామ్యము లేదు. అయినను ఇద్దరి నిద్రలో భేదమున్నది.

ఆ భేదము ఎచట తేలుననగా, ఇల్లు మారునప్పుడు. పేరు మనదైనచో సామానంతయు బండికెత్తి ఒక సర్వరు నుండి మరియొక సర్వరులో దించుకొనవచ్చును. నామపట్టికలో సంఖ్య మార్చినచో చాలును, పాత చిరునామా వెదకుకొనుచు వచ్చినవారు తిన్నగ కొత్త ఇంటికే చేరుదురు. కౌలు స్థలమున అది సాధ్యము కాదు. మన దేశములో సర్వోన్నత న్యాయస్థానము సైతము సత్యం ఇన్ఫోవే సంస్థ వ్యాజ్యమున 2004 మే 6వ తేదీన ఇచ్చిన తీర్పులో, డొమైన్ పేరు ఒట్టి చిరునామా మాత్రమే కాదనియు, వ్యాపారనామము వలె అదియు రక్షణకు అర్హమనియు చెప్పియున్నది. పేరునకు చట్టము దృష్టిలోను విలువ ఏర్పడినదన్నమాట.

తెలుగువారి సంగతికి వత్తము. మనకు వెబ్‌లో చోటు కంటె ముందు అక్షరము సమస్య అయినది. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుచుండిన కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగును ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుటకు ఒక పద్ధతి ఏర్పరచినారు. ఆర్.టి.ఎస్. అని ప్రసిద్ధమైన ఆ పద్ధతిలో దూరదేశముల తెలుగువారు పద్యములు, కథలు టైపు చేసికొనిరి. స్వదేశమున 1995 ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోనికి వచ్చినది. 1998లో అమెరికాలోని తెలుగువారు 'ఈమాట' అను వెబ్ పత్రికను ఆరంభించినారు. సొంత పేరుతో, సొంత నిర్వహణలో సాగుచున్న ఆ పత్రిక పాత సంచికలు నేటికిని చదువుకొన లభించుచున్నవి. మన కథలో ఇది గమనింపదగిన దృష్టాంతము. అదే కాలమున వెలసిన వార్తాపుటలు పెక్కింటికి ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఖతి, అనగా అక్షరరూపముల మూట, కావలసి వచ్చెడిది. ఆ ఖతి లేనిచో తెలుగు తెలుగుగ కనబడదు. యూనికోడ్ అను సార్వజనీన అక్షరపద్ధతిలో తెలుగునకు 1991లోనే చోటు దక్కినను, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను ఖతి వచ్చిన పిదపగాని అది ఇంటి కంప్యూటర్లలో అమలునకు రాలేదు. అక్షరమే పరాధీనమైనచో ఇల్లు సొంతమై యేమి ఫలము? నేడు తెలుగు లిపిలోనే '.భారత్' అను కొసతో పేరు పొందుటకు వీలు కలిగినది.

ఇచట మా సొంత అనుభవమొకటి చెప్పుటకు అనుజ్ఞ ఇండు. మేము విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న దినములలో, నెట్ సెంటరులో గంటకు ఇంత అని పైకము చెల్లించి, ఒక ఉచిత స్థలమున మా మేనత్తగారు పాడెడి పెండ్లిపాటలను చేర్చియుంటిమి. అప్పగింత పాట, బంతులాట పాట, అలకపాన్పు పాట, మొత్తము పందొమ్మిది. సెలవులకు పోయినప్పుడు ఆమెచే పాడించి నోటు పుస్తకమున వ్రాసికొని తెచ్చెడివారము. కొన్ని మాత్రము ఆమె టెలిఫోనులో చెప్పగా సరాసరి పుటలోనే టైపు చేసితిమి. వెబ్‌లో నున్నది గదా, ఎక్కడికి పోవునను ధీమాతో వాటికి నకలు ఉంచుకొనలేదు. ఉద్యోగములో చేరితిమి, ఆ పుట మాట మరచితిమి. ఆమె గతించిన యేట ఆ పాటల కొరకు వెదకగా, ఆ స్థలమును ఇచ్చిన సంస్థయే లేదు. నోటు పుస్తకములో పదకొండు పాటలు మిగిలినవి. తక్కిన ఎనిమిదింటిని పాడువారిని మేమింతవరకు చూడలేదు. ఆ సంస్థను నిందించుటకు మాకు నోరు రాదు. నిలువనీడ ఇచ్చినవారు ఎల్లకాలము ఇచ్చెదమని మాట ఇయ్యలేదు. ఇచ్చినారని మేమే అనుకొంటిమి.

రేడియో వృత్తిలోని వారికి ఈ పాఠము కొత్తది కాకూడదు. టేపు ఖరీదైన కాలమున, ప్రసారమైన ప్రసంగమును చెరిపి ఆ టేపునే మరల వాడుట రేడియో నిలయములలో సామాన్యమైన ఆచారము. గాలిలో పలికిన మాట గాలిలో కలిసెను. ప్రసంగపాఠములను అచ్చువేసిన పత్రికలు, వాటిని అటకమీద దాచిన గృహస్థులు ఉండుటచేతనే వానిలో కొన్ని మనకు దక్కినవి. దాచినవాడే దక్కించుకొనినవాడు.

నేడు చాలమంది తమ మాటను, బొమ్మను, బిడ్డ పుట్టినరోజు వేడుకను నాలుగైదు మహాసంస్థల నేలపై ఉంచుచున్నారు. అచట సౌకర్యమున్నది, బంధుమిత్రుల రాకపోకలున్నవి. సొంత ఇల్లు కట్టుకొనినవానికో, యేటేట రుసుము, దొంగల భయము, తాళముల మరమ్మతు, వాకిట ఎవరును తొంగిచూడని ఏకాంతము తప్పవు. ఆ పైన ఇంకొక చిక్కు. గృహస్థు కాలముచేసిన పిమ్మట రుసుము కట్టు వారసుడు లేనిచో ఆ పేరు పరులపాలగును. బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అటువంటి ఇండ్ల రూపములను కొన్నింటిని భద్రపరచుచున్నది. కాని ఎంత పెద్ద గ్రంథాలయమైనను అన్ని ఇండ్ల పెట్టెలను మోయజాలదు.

కావున అద్దెకు ఉండుట తప్పని మేము చెప్పము. అద్దె ఇంటిలో నుండి సొంత ఇంటిలో నున్నామని భ్రమపడుటయే ముప్పు. పేరు, చోటు, ప్రతి అను మూడింటిలో పేరు మన పేర నుండుట మేలు. చోటు మార్చుకొనుటకు వీలైనదిగ నుండుట మేలు. ప్రతి మాత్రము మన చేత నుండి తీరవలెను. ఈ మూడవదానికి పైకమును పాండిత్యమును అక్కరలేదు, ఒక సాయంకాలపు తీరిక చాలును. మీ ఇంటిలో పెద్దల గొంతు, పాట, ఉత్తరము ఏదైన పరుల నేలపై నున్నచో, ఈ వారమే ఒక నకలు తీసి ఇంట పెట్టుకొనుడు. మా ఎనిమిది పాటలు మాకు చెప్పిన మాట ఇదియే.